కంప్యూటర్ ఆన్ కావడం లేదా? దుకాణానికి మోసుకెళ్లే ముందు ఇంట్లో చూడాల్సినవి

స్కాలర్‌షిప్ దరఖాస్తుకు రేపే ఆఖరి రోజు. స్కాన్ చేసిన సర్టిఫికెట్లన్నీ కంప్యూటర్‌లోనే ఉన్నాయి. బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. ఇలాంటప్పుడు మనలో చాలామంది చేసే పని ఒక్కటే: తీగలన్నీ పీకి, పెట్టెను స్కూటర్ మీద పెట్టుకుని దగ్గర్లోని దుకాణానికి పరుగెత్తడం. అక్కడ కుర్రాడు ఒకసారి చూసి "ఫార్మాట్ కొట్టాలి సార్" అంటాడు. తొందరలో మనం సరే అంటాం. సాయంత్రానికి కంప్యూటర్ తిరిగొస్తుంది, అందులో ఉన్నవి మాత్రం రావు.

మన ఇళ్లలోని డెస్క్‌టాప్‌లు చాలావరకు పాతవే. ఎనిమిదేళ్లు, పదేళ్లు దాటినవీ ఉన్నాయి. కానీ వాటిలో ఉన్నదేమిటో ఒకసారి గుర్తు చేసుకుందాం. పిల్లల సర్టిఫికెట్లు, ఇంటి పత్రాల స్కాన్లు, తాతమ్మల ఫొటోలు, పెళ్లి ఆల్బమ్‌లు ఉంటాయి. తెలుగు సంఘం పని చూసేవారి ఇంట్లో అయితే సభ్యుల జాబితా, ఉగాది సంచిక ఫైళ్లు, తెలుగు మీడియం బడి కోసం అధికారులకు ఇచ్చిన వినతిపత్రాల కాపీలు కూడా అందులోనే ఉంటాయి. చాలా ఊళ్లలో వాటికి రెండో ప్రతి ఉండదు. పెట్టె పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు, వాటిని మాత్రం ఎక్కడా కొనలేం.

అందుకే ఈ వ్యాసంలో రెండు సంగతులు చెప్పదలుచుకున్నాం. ఒకటి, ఆన్ కాని కంప్యూటర్‌లో లోపం ఎక్కడుందో ఇంట్లోనే ఎలా తేల్చుకోవాలి. రెండు, ఆ పనిలో మన ఫైళ్లు పోకుండా ఎలా కాపాడుకోవాలి. ఇందుకు పెద్ద చదువేమీ అక్కర్లేదు. ఒక స్క్రూడ్రైవర్, ఒక తెల్ల రబ్బరు, ఒక మెత్తటి బ్రష్, కాస్త ఓపిక ఉంటే చాలు.

ముందు జబ్బు ఏ రకమో చూడండి

"కంప్యూటర్ ఆన్ కావడం లేదు" అనే ఒక్క మాటలో మూడు వేర్వేరు జబ్బులున్నాయి. రిపేరు దుకాణాల్లో వీటికి మూడు పేర్లు.

నో పవర్: బటన్ నొక్కినా లైటు వెలగదు, ఫ్యాన్ తిరగదు, చప్పుడే ఉండదు.

నో డిస్‌ప్లే: లైటు వెలుగుతుంది, ఫ్యాన్ తిరుగుతుంది, మానిటర్ మాత్రం నల్లగానే ఉంటుంది.

నో బూట్: తెర మీద కంపెనీ గుర్తో, తెల్లటి అక్షరాలో వస్తాయి, విండోస్ మాత్రం రాదు.

మొదటి రెండింటిలో లోపం సాధారణంగా కరెంటు వచ్చే దారిలోనో, ర్యామ్‌లోనో, మానిటర్ దగ్గరో, మదర్‌బోర్డులోనో ఉంటుంది. ఫైళ్లున్న హార్డ్ డిస్క్‌కు దానితో సంబంధం తక్కువ. కాబట్టి ఒక మాట గట్టిగా గుర్తుంచుకోండి: ఫ్యాన్ తిరగని కంప్యూటర్‌కు, తెర వెలగని కంప్యూటర్‌కు ఫార్మాట్ మందు కాదు. అలా చెప్పిన చోట పెట్టె వదిలి రావద్దు.

అసలు చప్పుడే లేకపోతే

గోడ దగ్గర మొదలుపెట్టి పెట్టె వైపు రండి. వరస తప్పకుండా చూస్తే లోపం దాక్కోలేదు.

1. సాకెట్. అదే సాకెట్లో టేబుల్ ఫ్యాన్ పెట్టి చూడండి. ఫోన్ చార్జర్ పెట్టి చూస్తే సరిపోదు. అది వంద వోల్టులకు కూడా పనిచేసేస్తుంది, కాబట్టి వోల్టేజీ పడిపోయినా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. ఫ్యాన్ అయితే నీరసంగా తిరిగి సంగతి చెప్పేస్తుంది.

2. యూపీఎస్, ఎక్స్‌టెన్షన్ బాక్సు. ఇవి రెండూ పక్కన పెట్టి, కంప్యూటర్ తీగను నేరుగా గోడ సాకెట్లో పెట్టండి. ఆన్ అయిందా, తప్పు వాటిదే. ఇంటి యూపీఎస్‌లో ఉండే 12 వోల్టుల బ్యాటరీ మామూలుగా రెండు మూడేళ్లకే నీరసిస్తుంది. అది చచ్చిపోతే కొన్ని యూపీఎస్‌లు ఇంట్లో కరెంటు ఉన్నా ఆన్ కావు. బ్యాటరీ ఒక్కటే మారిస్తే చాలు.

3. పవర్ తీగ. మానిటర్‌కు, సీపీయూ పెట్టెకు పెట్టే తీగలు చాలావాటిలో ఒకే రకం. మానిటర్ వెలుగుతుంటే దాని తీగ తీసి పెట్టెకు పెట్టి చూడండి. పైసా ఖర్చు లేని పరీక్ష ఇది.

4. వెనక స్విచ్. తీగ పెట్టే చోటే, ఎస్ఎంపీఎస్ మీద ఒక చిన్న స్విచ్ ఉంటుంది. నిలువు గీత వైపు ఉంటే ఆన్, సున్నా వైపు ఉంటే ఆఫ్. ఇల్లు దులిపినప్పుడో, పిల్లల చెయ్యి తగిలో అది ఆఫ్ అయిపోతుంటుంది. కొన్ని పాత పెట్టెల్లో దాని పక్కనే 115, 230 అని రాసిన ఎర్ర స్విచ్ కూడా ఉంటుంది. మన దేశంలో అది ఎప్పుడూ 230 మీదే ఉండాలి. 115కి జరిపి ఆన్ చేస్తే ఎస్ఎంపీఎస్ ఢామ్మంటుంది.

5. నిలిచిపోయిన కరెంటు. ఉరుము, మెరుపు తర్వాతో, కరెంటు పోయి వచ్చాకో కంప్యూటర్ మొరాయిస్తే తీగ పూర్తిగా పీకేయండి. పవర్ బటన్‌ను అర నిమిషం పాటు నొక్కి పట్టుకోండి. లోపల మిగిలిన కరెంటు ఖాళీ అవుతుంది. తర్వాత తీగ పెట్టి మామూలుగా ఆన్ చేయండి. చాలా యంత్రాలు ఇంతటితోనే లేచి కూర్చుంటాయి.

6. పవర్ బటన్. ఇవన్నీ చూసినా కదలకపోతే తీగ పీకి, పెట్టె పక్క మూత తీయండి. ముందు వైపు బటన్ నుంచి రెండు సన్నని తీగలు మదర్‌బోర్డు అంచున ఉన్న పిన్నులకు వచ్చి ఉంటాయి. వాటి చివర పవర్ స్విచ్ అని రాసి ఉంటుంది. పక్కనే రీసెట్ స్విచ్ తీగ కూడా ఉంటే, పవర్ తీగ తీసి ఆ పిన్నుల మీద రీసెట్ తీగ పెట్టి, రీసెట్ బటన్ నొక్కండి. కంప్యూటర్ లేచిందంటే చెడింది బటన్ మాత్రమే. అదే ఏర్పాటుతో ఏళ్ల తరబడి నడుపుకోవచ్చు.

ఇక్కడికీ కదలకపోతే అనుమానం ఎస్ఎంపీఎస్ మీదకో, మదర్‌బోర్డు మీదకో వెళ్తుంది. ఎస్ఎంపీఎస్ పెట్టెను మాత్రం ఇంట్లో విప్పవద్దు. గోడ నుంచి తీగ పీకేసినా దాని లోపలి కెపాసిటర్లలో 300 వోల్టులకు పైగా కొంతసేపు నిలిచి ఉంటుంది. దుకాణంలో ఆకుపచ్చ తీగను, నల్ల తీగను కలిపి దాని ఫ్యాన్ తిరిగితే "ఎస్ఎంపీఎస్ బాగానే ఉంది" అంటుంటారు. అది సగం పరీక్షే. బరువు లేకుండా ఫ్యాన్ తిప్పగలిగిన ఎస్ఎంపీఎస్ మొత్తం కంప్యూటర్‌ను లాగలేకపోవచ్చు. మంచి ఎస్ఎంపీఎస్ ఇంకొకటి పెట్టి చూపించమని అడగండి. మార్చాల్సి వస్తే మరీ చవకది తీసుకోవద్దు. అది పోయేటప్పుడు తనతోపాటు బోర్డునో, డిస్క్‌నో తీసుకుపోతే నష్టం ఎక్కువ.

ఒక్కోసారి ఫ్యాన్ ఒక క్షణం తిరిగి ఆగిపోతుంది. అంటే ఎక్కడో షార్ట్ ఉందని ఎస్ఎంపీఎస్ తనను తాను ఆపుకుంటోంది. బోర్డు మీద ప్రాసెసర్ పక్కన పెట్టే నాలుగు లేదా ఎనిమిది పిన్నుల తీగ ఊడిపోయిందేమో చూడండి. బల్లి దూరి చచ్చిపోయిన పెట్టెలు, చీమలు గూడు కట్టిన పెట్టెలు, ఎలుక తీగ కొరికేసిన పెట్టెలు మన వైపు కొత్త కాదు. టార్చ్ వేసి ఒకసారి మూలమూలలా చూడండి.

ఫ్యాన్ తిరుగుతోంది, తెర నల్లగా ఉంది

ముందుగా కీబోర్డు మీద క్యాప్స్ లాక్ నొక్కండి. నొక్కినప్పుడల్లా దాని లైటు వెలిగి ఆరుతుంటే కంప్యూటర్ లోపల బాగానే నడుస్తోందని అర్థం. తప్పు మానిటర్ దగ్గరో, దాని తీగ దగ్గరో ఉంది. లైటు మారకపోతే లోపమేదో పెట్టెలోనే ఉంది.

మానిటర్ సంగతి. దాని లైటు వెలుగుతోందా? తీగ రెండు వైపులా గట్టిగా బిగించి ఉందా? మానిటర్ బటన్లలో ఇన్‌పుట్ మార్చేది ఉంటుంది. తీగ హెచ్‌డీఎంఐది అయి, మానిటర్ వీజీఏ కోసం చూస్తుంటే తెర నల్లగానే ఉంటుంది. పెట్టె వెనక రెండు చోట్ల మానిటర్ తీగ పెట్టే వీలుంటే విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉన్నట్టు. అప్పుడు తీగ కార్డుకే పెట్టాలి. ఇంట్లో టీవీకి హెచ్‌డీఎంఐ ఉంటే కంప్యూటర్‌ను టీవీకి కలిపి చూడండి. మానిటర్ మీది అనుమానం అక్కడే తీరిపోతుంది.

ఇక ర్యామ్. పాత డెస్క్‌టాప్‌లో తెర రాకపోతే ముందు చూడాల్సింది దీన్నే. ర్యామ్ కింది అంచున బంగారు రంగు గీతలుంటాయి. గాలిలోని తేమకు, దుమ్ముకు వాటి మీద సన్నని పొర పడుతుంది. అక్కడితో మదర్‌బోర్డుకూ ర్యామ్‌కూ మాట తెగిపోతుంది. ఇలా చేయండి:

తీగ పీకి, పవర్ బటన్ అర నిమిషం నొక్కి పట్టుకోండి. పెట్టె ఇనుప భాగాన్ని ఒకసారి చేత్తో తాకండి. ఒంట్లోని స్టాటిక్ కరెంటు అందులోకి పోతుంది. ర్యామ్ రెండు చివర్లలోని క్లిప్పులను బయటకు నొక్కితే ర్యామ్ పైకి లేస్తుంది. దాన్ని అంచులతోనే పట్టుకుని, బంగారు గీతలను తెల్ల పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్దండి. రబ్బరు పొట్టు ఒక్క రవ్వ కూడా మిగలకుండా బ్రష్‌తో దులపండి. ర్యామ్ స్లాట్‌ను కూడా పొడి బ్రష్‌తో శుభ్రం చేయండి. నోటితో ఊదవద్దు, నోటి తడి లోపలికి పోతుంది. ర్యామ్ అంచులో ఉన్న గాడి, స్లాట్‌లో ఉన్న గట్టు కలిసేలా పెట్టి, క్లిప్పు టక్కుమని పడేదాకా సమంగా నొక్కండి.

రెండు ర్యాములు ఉంటే ముందు ఒక్కటే పెట్టి ఆన్ చేయండి. రాకపోతే రెండోది. ఆ పైన స్లాట్ మార్చి చూడండి. ఇలా నాలుగు ప్రయత్నాల్లో చెడింది ర్యామో, స్లాటో తేలిపోతుంది.

కంప్యూటర్ చేసే శబ్దాలు కూడా వినండి. చాలా పాత బోర్డులు ఆన్ కాగానే ఒక్క చిన్న బీప్ ఇస్తే అంతా సవ్యంగా ఉందని అర్థం. ఆగకుండా పొడుగ్గా కొట్టే బీప్ చాలావరకు ర్యామ్ గురించి. ఒక పొడుగు, రెండు పొట్టి బీప్‌లు ఎక్కువగా డిస్‌ప్లే గురించి. కంపెనీని బట్టి ఈ లెక్క మారుతుంది కాబట్టి, మీ బోర్డు మీద రాసిన పేరుతో చూసుకోవాలి. కొన్ని కొత్త బోర్డుల్లో బీప్‌కు బదులు నాలుగు చిన్న లైట్లుంటాయి. సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్ అని వాటి పక్కన రాసి ఉంటుంది. ఏ లైటు ఆరకుండా నిలిచిపోతే జబ్బు అక్కడ.

మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లలా ఒక బ్యాటరీ ఉంటుంది. పేరు సీఆర్2032, మూడు వోల్టులది, గడియారాల దుకాణంలో కూడా దొరుకుతుంది. ఇది నీరసిస్తే కంప్యూటర్ తేదీ మరిచిపోతుంది, ఆన్ చేసినప్పుడల్లా ఎఫ్1 నొక్కమంటుంది. తేదీ తప్పుగా ఉంటే బ్యాంకు, ప్రభుత్వ సైట్లు కూడా తెరుచుకోవు. తెర రానప్పుడు తీగ పీకి, ఈ బ్యాటరీని ఐదు నిమిషాలు తీసి మళ్లీ పెడితే బోర్డు తన అసలు సెట్టింగులకు వెళ్తుంది. కొన్నిసార్లు దీంతోనే తెర వస్తుంది. ఒక జాగ్రత్త: ఆ తర్వాత తెర వచ్చి, విండోస్ రాకపోతే కంగారుపడకండి. బయోస్‌లో డిస్క్‌కు సంబంధించిన పాత సెట్టింగు మారిపోయి ఉంటుంది. దాన్ని తిరిగి మారిస్తే చాలు, అప్పుడూ ఫార్మాట్ అవసరం లేదు.

ఆన్ అయి కాసేపటికి దానంతటదే ఆగిపోతుంటే వేడి సంగతి చూడండి. ప్రాసెసర్ ఫ్యాన్ కింద అల్యూమినియం రేకుల మధ్య దుమ్ము పరుపులా పేరుకుని ఉంటుంది. ఫ్యాన్‌ను వేలితో పట్టుకుని, బ్రష్‌తో దులపండి. ఫ్యాన్ విప్పితే మాత్రం లోపలి థర్మల్ పేస్ట్ కొత్తది పూయాల్సిందే.

తెర వచ్చింది, విండోస్ రాలేదు

ఇక్కడి నుంచి జాగ్రత్త పెరగాలి. ఎందుకంటే ఇప్పుడు మనం ఫైళ్లున్న చోటికి వచ్చాం.

ముందు పెన్‌డ్రైవ్‌లు, మెమరీ కార్డులు అన్నీ పీకి మళ్లీ ఆన్ చేయండి. కంప్యూటర్ ఒక్కోసారి పెన్‌డ్రైవ్‌లో విండోస్ వెతుక్కుంటూ ఆగిపోతుంది.

తెర మీద "రీబూట్ అండ్ సెలెక్ట్ ప్రాపర్ బూట్ డివైస్" అనో, "నో బూటబుల్ డివైస్" అనో వస్తే, ఆన్ చేయగానే డిలీట్ కీ లేదా ఎఫ్2 వరసగా నొక్కుతూ బయోస్‌లోకి వెళ్లండి. అక్కడ డిస్క్ పేరు కనిపిస్తోందా లేదా అన్నదే అసలు ప్రశ్న.

డిస్క్ పేరు కనిపిస్తే: డిస్క్‌ను కంప్యూటర్ గుర్తుపట్టింది. చెడింది విండోస్ కావచ్చు, బూట్ వరస తప్పి ఉండొచ్చు. వరసలో ఆ డిస్క్‌ను పైకి తెచ్చి, సేవ్ చేసి చూడండి. విండోస్ రెండు మూడుసార్లు మధ్యలో ఆగితే రిపేరు తెర దానంతటదే వస్తుంది. అందులో స్టార్టప్ రిపేర్, ఈమధ్య వచ్చిన అప్‌డేట్ తీసేయడం, సేఫ్ మోడ్ ఉంటాయి. ఈ వరసలోనే ప్రయత్నించండి. రీసెట్ అనేది ఆఖరి మాట. అందులో "కీప్ మై ఫైల్స్" ఎంచుకుంటే ఫైళ్లు ఉంటాయి గానీ, మనం వేసుకున్న ప్రోగ్రాములన్నీ పోతాయి. తెలుగు డీటీపీ ప్రోగ్రాములు కూడా అందులో పోతాయి.

డిస్క్ పేరు కనిపించకపోతే: తీగ పీకి, డిస్క్‌కు వెళ్లే సన్నని సాటా తీగను, పవర్ తీగను రెండు వైపులా తీసి మళ్లీ గట్టిగా పెట్టండి. సాటా తీగ మార్చి చూడండి. చాలాసార్లు ఇక్కడే తీరిపోతుంది.

డిస్క్ నుంచి "టక్... టక్..." అని చప్పుడు వస్తుంటే వెంటనే ఆపేయండి. మళ్లీ మళ్లీ ఆన్ చేసి చూడవద్దు. లోపల ఫైళ్లను చదివే సూది దెబ్బతిన్నప్పుడు వచ్చే చప్పుడు అది. ఆన్ చేసిన ప్రతిసారీ నష్టం పెరుగుతుంది. అందులో ఉన్నవి నిజంగా కావాలనుకుంటే డేటా రికవరీ చేసేవారి దగ్గరకే తీసుకెళ్లండి.

చప్పుడు లేని డిస్క్ అయితే బయటకు తీసి ఇంకో కంప్యూటర్‌కు కలిపి ఫైళ్లు దించుకోవచ్చు. డెస్క్‌టాప్‌లోని పెద్ద డిస్క్‌కు యూఎస్‌బీ కరెంటు సరిపోదు, విడిగా అడాప్టర్ ఉన్న డాక్ కావాలి. కలిపాక "ఈ డిస్క్‌ను ఫార్మాట్ చేయాలా?" అని విండోస్ అడిగితే క్యాన్సిల్ నొక్కండి. ఆ ప్రశ్నకు అలవాటుగా ఓకే కొట్టి ఏళ్లనాటి ఫొటోలు పోగొట్టుకున్నవారు చాలామందే ఉన్నారు. బిట్‌లాకర్ 48 అంకెల కీ అడిగితే, ఆ కంప్యూటర్‌లో వాడిన మైక్రోసాఫ్ట్ ఖాతాలోకి ఫోన్ నుంచి వెళ్లి చూడండి, చాలావరకు అక్కడే దొరుకుతుంది.

"విండోస్ 10 ఆగిపోయింది, అందుకే రావడం లేదు" అని ఎవరైనా చెబితే నమ్మకండి. 2025 అక్టోబరు 14తో ఆగింది మైక్రోసాఫ్ట్ మద్దతు మాత్రమే. విండోస్ 10 ఉన్న కంప్యూటర్లు ఆ మర్నాడు కూడా ఆన్ అయ్యాయి. భద్రత కోసం ముందు ముందు మార్చుకోవాల్సిందే గానీ, ఈ రోజు తెర రాకపోవడానికి అది కారణం కాదు.

మన ఊళ్ల వాతావరణం, మన కంప్యూటర్ల జబ్బులు

ఊరిని బట్టి జబ్బు మారుతుంది. గోదావరి ఒడ్డున, సముద్రానికి దగ్గరగా ఉన్న యానాంలో, గంజాం తీరానికి దగ్గరి బరంపురంలో గాలిలో తేమ ఎక్కువ. ర్యామ్ గీతలు, సాటా పిన్నులు తొందరగా మసకబారతాయి. ఏడాదికి రెండుసార్లు రబ్బరుతో తుడుచుకుంటే మంచిది. వారాల తరబడి వాడకుండా మూసి ఉంచవద్దు. వారానికోసారి గంటసేపు నడిపితే లోపలి వేడికి తేమ ఆరిపోతుంది.

షోలాపూర్, భివండీల్లో మగ్గం చప్పుళ్ల మధ్య బతికే మనవాళ్ల ఇళ్లలో శత్రువు వేరు. పవర్‌లూమ్ నుంచి లేచే నూలు నలుసు ఎస్ఎంపీఎస్ ఫ్యాన్‌లో, ప్రాసెసర్ ఫ్యాన్‌లో చిక్కుకుని దూదిలా గట్టిపడుతుంది. గాలి ఆడక పెట్టె వేడెక్కి ఆగిపోతుంది. అక్కడ నెలకోసారి దులుపుడు తప్పదు. మగ్గాల మోటార్లున్న లైను మీదే కంప్యూటర్ పెట్టవద్దు, వాటిని ఆన్ చేసినప్పుడల్లా వోల్టేజీ ఊగుతుంది.

తుఫాన్లు, వరదలు మన తీరపు ఊళ్లకు తెలిసినవే. 2013 అక్టోబరులో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. 2022 జులైలో గోదావరి వరద యానాం వీధుల్లోకి వచ్చింది. నీళ్లు తగిలిన కంప్యూటర్‌ను "పనిచేస్తుందేమో" అని ఆన్ చేయడమే పెద్ద పొరపాటు. తడిసిన పెట్టెకు కరెంటు ఇస్తే బతకాల్సిన డిస్క్ కూడా పోతుంది. డిస్క్‌ను విప్పకుండా బయటకు తీసి, తెలిసినవారికి ఇవ్వండి. ఉరుములు మొదలైతే పవర్ తీగతోపాటు ఇంటర్నెట్ తీగ కూడా పీకండి. పిడుగు కరెంటు ఆ దారిన కూడా వస్తుంది.

ఎర్తింగ్ సరిగా లేని పాత ఇళ్లలో పెట్టెను తాకితే చిన్నగా జిల్లుమంటుంది. "కంప్యూటర్ అంటే అంతే" అని వదిలేయకండి. మూడో పిన్ను విరిచేసి వాడే అలవాటు మానండి, ఎలక్ట్రీషియన్‌ను పిలిపించండి.

దుకాణానికి వెళ్లాల్సి వస్తే

నో పవర్, నో డిస్‌ప్లే, నో బూట్. ఈ మూడు మాటలు హోసూరులోనైనా, బళ్లారిలోనైనా, బరంపురంలోనైనా మెకానిక్‌కు అర్థమవుతాయి. ఇంట్లో ఏమేం చూశారో కూడా చెప్పండి. "నేరుగా గోడకు పెట్టి చూశాం, ర్యామ్ తుడిచాం, బయోస్‌లో డిస్క్ కనిపిస్తోంది" అంటే మీకు సంగతి తెలుసని అతనికి తెలుస్తుంది.

నో పవర్, నో డిస్‌ప్లే జబ్బులకు డిస్క్ ఇంట్లోనే తీసి పెట్టుకుని, మిగతా పెట్టె ఇవ్వండి. డిస్క్ లేకపోయినా బయోస్ తెర దాకా వస్తే బాగైనట్టే. నో బూట్ అయితే డిస్క్ ఇవ్వక తప్పదు. అప్పుడు రసీదు మీద "ఫార్మాట్ చేయవద్దు, ముందు డేటా కాపీ చేయాలి" అని రాయించండి. నోటితో కూడా చెప్పండి. మన వాళ్లకు ఉన్న ఊరి భాష ఎలాగూ వచ్చు: తమిళనాడులో "ఫార్మాట్ పణ్ణాదీంగ", కర్ణాటకలో "ఫార్మాట్ మాడబేడి", మహారాష్ట్రలో "ఫార్మాట్ కరూ నకా", ఒడిశాలో "ఫర్మాట్ కరంతు నాహి". యానాంలో ఎలాగూ తెలుగే.

డేటా సీ డ్రైవ్‌లో ఎక్కడెక్కడ ఉందో చెప్పండి. "డీ డ్రైవ్ ముట్టుకోలేదు సార్" అన్న మాట చాలదు. డెస్క్‌టాప్ మీద పెట్టినవి, డాక్యుమెంట్స్‌లో, డౌన్‌లోడ్స్‌లో ఉన్నవి మామూలుగా సీ డ్రైవ్‌లోనే ఉంటాయి. మార్చిన పాత భాగాలను తిరిగి అడిగి తెచ్చుకోండి, ముఖ్యంగా డిస్క్‌ను. పాత డిస్క్‌లో మన ఆధార్, బ్యాంకు పత్రాలుంటాయి.

తెలుగు ఫైళ్ల సంగతి వేరే చెప్పాలి

రాష్ట్రం బయట ఉన్న మనకు మాత్రమే ప్రత్యేకంగా వచ్చే చిక్కు ఇది. చాలా ఏళ్లపాటు తెలుగు డీటీపీ అంతా అను ఫాంట్లలో, పేజ్‌మేకర్‌లో సాగింది. సంఘాల సంచికలు, శుభలేఖలు, ఆలయ కరపత్రాలు అలా తయారైనవే. అవి యూనికోడ్ కావు. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే తెలుగుకు బదులు ఇంగ్లీషు అక్షరాల గందరగోళం కనిపిస్తుంది. దుకాణంలో కుర్రాడికి తెలుగు రాకపోతే ఆ ఫైల్ చెడిపోయిందనుకుంటాడు. కాపీ చేయకుండా వదిలేస్తాడు. ఫైల్ చెడలేదు, దానికి ఫాంట్ తోడు లేదు, అంతే.

అందుకని విండోస్ మళ్లీ వేయించే ముందు రెండు కాపీ చేయించండి. ఒకటి, ఆ ఫైళ్లున్న ఫోల్డర్ మొత్తం. రెండు, విండోస్ ఫోల్డర్ లోపలి ఫాంట్స్ ఫోల్డర్. కంప్యూటర్ బాగైన రోజే ముఖ్యమైన సంచికలను పీడీఎఫ్‌గా మార్చి పెట్టుకోండి. ఫాంట్ పీడీఎఫ్ లోపలే ఉండిపోతుంది కాబట్టి ఏ ఊళ్లో తెరిచినా తెలుగు తెలుగుగానే కనిపిస్తుంది. వీలున్నవాటిని యూనికోడ్‌లోకి మార్పించండి.

యూనికోడ్‌లో టైప్ చేసిన ఫైళ్లకు ఈ బెంగ లేదు. కొత్త విండోస్ వేశాక తెలుగు కీబోర్డు కనిపించకపోతే సెట్టింగ్స్‌లో భాషల దగ్గరకు వెళ్లి తెలుగు చేర్చుకోండి. విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కితే భాష మారుతుంది. విండోస్ ఎక్స్‌పీ రోజుల నుంచి వాడిన గౌతమి ఫాంట్ విండోస్ 10లో విడిగా చేర్చుకోవాల్సిన వాటిలోకి వెళ్లింది. పాత ఫైలు అక్షరాల తీరు మారినట్టు కనిపిస్తే, ఆప్షనల్ ఫీచర్లలో తెలుగు ఫాంట్ల ప్యాకేజీ వేసుకుంటే సరి.

బాగైన రోజే చేయాల్సిన పని

కంప్యూటర్ లేచి కూర్చోగానే మనం అన్నీ మరిచిపోతాం. ఆ సాయంత్రమే ఒక గంట కేటాయించండి. ముఖ్యమైనవాటికి మూడు ప్రతులుండాలి: కంప్యూటర్‌లో ఒకటి, ఇంట్లో ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో ఒకటి, ఇంటి బయట ఒకటి. ఇంటి బయట అంటే గూగుల్ డ్రైవ్ కావచ్చు, ఉచితంగా 15 జీబీ వస్తుంది. లేదా వేరే ఊళ్లో ఉన్న అమ్మాయి ఇంట్లో పెట్టిన డిస్క్ కావచ్చు. పెన్‌డ్రైవ్‌ను ఫైళ్లు మోయడానికే వాడండి, దాచుకోవడానికి కాదు.

సంఘాల బాధ్యులకు ఒక్క మాట. సభ్యుల జాబితా, వినతిపత్రాలు, వాటికి అధికారులిచ్చిన జవాబులు, బడి లెక్కలు ఒక్కరి ఇంటి కంప్యూటర్‌లోనే ఉంటే ప్రతులు చేసి కనీసం ఇద్దరి దగ్గర పెట్టండి. మన పిల్లలు తెలుగు చదువుతున్నారని, ఫలానా ఏడాది ఫలానా అర్జీ ఇచ్చామని రేపు చూపించాల్సి వచ్చినప్పుడు మన చేతిలో ఉండాల్సినవి ఆ కాగితాలే.